ఇటలీ పొగబండి

మా గెడ్డపురం మునిసిపాలిటీకి ఇటలీ నుంచి ఒక రేసు మోటారు సైకిలు కానుకగా వచ్చింది. మేం అడిగి తెప్పించుకున్నది కాదు. మా ఊళ్ళోనే పుట్టి మఠంలో చేరిన సిస్టర్ బెనడిక్టా, ఆ దేశంలో బోర్గోవెల్లా అనే చిన్న ఊళ్ళో ఏళ్ళ తరబడి ముసలివాళ్ళకి సేవ చేసి తిరిగొచ్చింది. ఆమె సంరక్షణలో ప్రశాంతంగా కన్నుమూసిన ఒక పెద్దాయన భార్య ఓర్సోలా. ఆవిడ సిస్టర్‌కి ఏదైనా ఇచ్చుకుంటానని పట్టుబట్టింది. సన్యాసినికి ఆస్తులెందుకు, ఇచ్చేదేదో మా ఊరికివ్వండి అంది సిస్టర్. ఆవిడ ఇల్లంతా కలయజూసి, ఉన్నవాటిలో తమ ఇద్దరికీ ప్రాణమైనదాన్ని ఓడెక్కించింది.

"అంబులెన్సు అడగాల్సిందండి" అన్నాడు కమిషనర్ చక్రధరరావు, పెట్టె మేకులు ఊడదీయిస్తూ.

"ఆవిడింట్లో అంబులెన్సు లేదండి" అంది సిస్టర్.

బండి పేరు ఫాల్కెట్టా. వెండి రంగు చట్రం, నిప్పు రంగు టాంకు, ముందు సగం మాత్రమే కప్పిన తొడుగు, ఒక్క మనిషికే సీటు. హ్యాండిలు రెండు ముక్కలుగా టాంకు కంటే కిందికి వంగి ఉంది. కాళ్ళు పెట్టుకునే కడ్డీలు వెనకెక్కడో ఉన్నాయి. ఎక్కినవాడు కూర్చున్నట్టుండడు, టాంకు మీద బోర్లా పడుకుని ఎవరిమీదో పితూరీ చెప్పడానికి పరుగెడుతున్నట్టుంటాడు. స్టార్టు చేస్తే క్లచ్చు దగ్గర్నుంచి గిన్నెలో గోళీలు వేసి కుదిపినట్టు చప్పుడు. అది రిపేరు కాదనీ, ఆ జాతి బండ్ల గొంతే అంతనీ సిస్టర్ చెప్పింది.

దాని పుట్టుక గురించి కూడా ఆమే చెప్పింది. ఆ పెద్దాయన వయసులో ఉన్నప్పుడు ఒక మోటారు సైకిళ్ళ కంపెనీలో పనిచేసేవాడు. రేసుబండి చేస్తే కొనేవాడుండడని పైవాళ్ళు అన్నారట. ఆయనా, ఇద్దరు ముగ్గురు స్నేహితులూ రోజూ పని వేళలయ్యాక కంపెనీలోనే ఉండిపోయి, రెండు సిలిండర్లని ఒకదానికొకటి అడ్డంగా, మడిచిన మోచెయ్యిలా అమర్చారు. మామూలు ఇంజన్లలో కవాటాలు మూసుకునేది స్ప్రింగుల బలంతో. మరీ వేగంగా తిరిగితే స్ప్రింగులు వెనకబడతాయని వీళ్ళకి అనుమానం. అందుకని తెరవడానికొక చెయ్యి, మూయడానికొక చెయ్యి, రెండూ ఇనపవే పెట్టారు. ఆ ఏడాది రేసులో అది గెలిచాక, పైవాళ్ళు ఈ ఆలోచన మొదట్నుంచీ తమదేనన్నారు.

ఈ చివరి ముక్క మా కమిషనర్‌కి బాగా నచ్చింది.

అసలు చిక్కు మర్నాడు మొదలైంది. మునిసిపాలిటీకి చెందిన ఏ వాహనమూ ఖాళీగా పడి ఉండకూడదని రాజధాని నుంచి ఉత్తర్వు ఉంది. దాని పేరు నిరుపయోగ ఆస్తుల నివారణ ఉత్తర్వు. బండిని పని చేయించకపోతే కమిషనర్ సంజాయిషీ ఇచ్చుకోవాలి. మొదట పన్నుల విభాగానికిచ్చారు. బిల్ కలెక్టర్ బయల్దేరిన చప్పుడు ఊరి ఆ చివరికి వినపడేది. ఆయన వెళ్ళేసరికి ఇళ్ళన్నిటికీ తాళాలుండేవి. తర్వాత పారిశుద్ధ్యం వాళ్ళు దాని వెనక చెత్తబండి కట్టారు. మొదటి వీధిలో ఎత్తిన చెత్త చివరి వీధి దాకా అందరికీ సమానంగా పంపిణీ అయింది.

అప్పుడు ఇంజనీరు గవర్రాజు, "దోమల పొగ మిషను బిగిద్దామండి" అన్నాడు.

కమిషనర్ కళ్ళు మూసుకుని ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తే గ్రాంథికం వస్తుంది. "విషయమును కూలంకషముగా పరిశీలించిన మీదట, ఇది సముచితముగా తోచుచున్నది" అన్నాడు.

మా ఊళ్ళో దోమల మందు కొట్టేది భానోజీ. యాభై దాటిన మనిషి. పొగ మిషను భుజాన వేసుకుని, ఊరి పక్క పారే గెడ్డ గట్టు మీదా, కాలవల పక్కనా నడిచి నడిచి మోకాళ్ళు అరగదీసుకున్నాడు. మునిసిపాలిటీలో గేర్ల బండి లైసెన్సున్నది ఆయనొక్కడికేనని అప్పుడు తేలింది. మిగిలిన సిబ్బందంతా గేర్లు లేని స్కూటర్లకి అలవాటు పడిపోయారు.

మొదటిరోజు భానోజీ ఆ బండి మీద పడుకున్నప్పుడు చూడ్డానికి మేమంతా ఆఫీసు ముందు చేరాం. కిక్కు కొట్టాడు. గోళీలు కుదిపిన చప్పుడు, దానివెనక గొంతు సవరించుకున్న పెద్దపులి లాంటి చప్పుడు. మెల్లిగా గేరు వేశాడు. ఆ బండికి మెల్లిగా అనే మాట తెలియదు. మాకు కనపడిందల్లా ఒక ఎర్ర గీత, దానివెనక సన్నటి తెల్ల గీత. మేం ఇంకా నోళ్ళు మూసుకోకముందే ఊరంతా చుట్టేసి ఆఫీసు ముందు ఆగాడు. కళ్ళనిండా నీళ్ళు.

"ఏటైంది భానోజీ?" అన్నాడు గవర్రాజు.

"గాలండి" అన్నాడు. కానీ గాలి కాదని ఆయన మొహమే చెబుతోంది. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

అంతకుముందు ఊరంతా పొగ పెట్టడానికి వారం పట్టేది. ఇప్పుడు కాఫీ చల్లారేలోపు అయిపోతోంది. ప్రతి మునిసిపాలిటీ రోజూ ఎన్ని కిలోమీటర్లు పొగ పెట్టిందో మీటరు ఫొటో తీసి పంపితే, రాజధానిలో ఒక పెద్ద తెర మీద ఊళ్ళ పేర్లు పైకీ కిందికీ కదులుతుంటాయి. గెడ్డపురం వారం తిరక్కుండా అట్టడుగు నుంచి మొదటి స్థానానికెక్కింది. కమిషనర్‌ని రాజధానికి పిలిచి శాలువా కప్పారు. "గెడ్డపురం నమూనాను అన్ని పట్టణములును అనుసరించవలెను" అని ఉత్తర్వు పుట్టింది. పక్క మునిసిపాలిటీల వాళ్ళు ట్రాక్టర్లనీ, ఆటోలనీ పొగ మిషన్లతో వీలైనంత వేగంగా తోలడం మొదలెట్టారు.

దోమలకి మాత్రం ఈ సంగతి తెలియలేదు. భానోజీ వెళ్ళే వేగానికి పొగ ఏ ఇంటి ముందూ నిలిచేది కాదు. ఊరు దాటి జీడితోటల మీద ఎక్కడో దిగేది. గెడ్డలో పుట్టిన దోమలు నిర్భయంగా పెరిగి, పెళ్ళిళ్ళు చేసుకుని, సంసారాలు పెట్టాయి. జ్వరాలు మొదలయ్యాయి. ఊరు ఊరంతా ఒళ్ళు గోక్కుంటూ మాట్లాడేది.

భానోజీ భార్య ఈశ్వరమ్మకి చలిజ్వరం వచ్చింది. రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతూ, "మావా, నువ్వు నడిచి కొట్టినప్పుడు దోమలు చచ్చీవి. ఇప్పుడు నీ చప్పుడికి నిద్ర లేస్తన్నాయి" అంది.

"అలాగనకే" అన్నాడు భానోజీ. ఆ మాట నిజమని ఆయనకీ తెలుసు. కానీ పొద్దుట ఆ టాంకు మీద గడ్డం ఆన్చినప్పుడు మోకాళ్ళ నొప్పి, వయసు, చివరికి తన పేరు కూడా గుర్తుండవు. ఆ సంగతి భార్యకెలా చెప్పాలో తెలియక మాత్రలు తెచ్చి, పక్కన కూర్చుని, తడిగుడ్డతో నుదురు తుడిచాడు. ఆమె నిద్రపోయాక ఒళ్ళంతా కుట్టించుకుంటూ చాలాసేపు అలాగే ఉండిపోయాడు. మర్నాడు ధైర్యం చేసి కమిషనర్ గదిలోకెళ్ళాడు.

"బాబూ, కొంచెం మెల్లిగా తోల్తానండి. పొగ నిలబడితే దోమలు చస్తాయండి."

కమిషనర్ ఆయన్ని జాలిగా చూశాడు. "భానోజీ, దోమలు చావడం ఫలితం. ఫలితం మన చేతుల్లో లేదు. మనం చూపించవలసింది ప్రగతి. అది మీటర్లో ఉంది" అన్నాడు, మోచెయ్యి గోక్కుంటూ.

అంతలో విజయం ముదిరి, బండిని ఇంకా మెరుగుపరచాలని పైనుంచి మాటొచ్చింది. కమిషనర్ ఒక అభివృద్ధి సంఘం వేశాడు. అందులో ఇంజనీరు గవర్రాజు, హెల్త్ ఆఫీసరు డాక్టర్ సునీతి సభ్యులు. అధ్యక్షుడు తానే.

"మొట్టమొదట హ్యాండిలు" అన్నాడు కమిషనర్. "ప్రభుత్వోద్యోగి ప్రజల మధ్య నుంచి బోర్లా పడుకుని వెళ్ళుట హోదాకు భంగకరము."

గవర్రాజు ఆ రెండు ముక్కల హ్యాండిలు పీకించి, నీళ్ళ గొట్టాన్ని వంచి, ఛాతీ ఎత్తున కొత్తది బిగించాడు. పొగ కొట్టే పనికి నిబంధన ప్రకారం ఇద్దరుండాలని తేలింది. పాత నీళ్ళ డ్రమ్ము సగానికి కోసి, చక్రం తగిలించి, పక్కన తొట్టిలా అతికించారు. అందులో సహాయకుడు చినఅప్పన్నని కూర్చోబెట్టారు. ఎర్రరంగు అగ్నిమాపక శాఖదని ఎవరో గుర్తు చేస్తే, పచ్చచారలు వేశారు. ఎండ తగలకుండా రెగ్జిను పందిరి వేశారు. పథకాల గురించి చెప్పడానికి మైకు, మైకుకి బాటరీ, బాటరీకి ఇనప పెట్టె. ముందున్న తొడుగు తీసేసి, కౌన్సిలర్లందరి పేర్లూ పట్టేంత వెడల్పు బోర్డు పెట్టారు. పేర్లలో హెచ్చుతగ్గులుండకూడదని అక్షరాలన్నీ ఒకే సైజు.

డాక్టర్ సునీతి, "బరువు ఎక్కువవుతుందేమో" అంది.

"అభివృద్ధికి బరువుంటుంది డాక్టరుగారూ" అన్నాడు గవర్రాజు.

అభివృద్ధి చెందిన బండి ఆఫీసు గేటు దాటడానికే గేటు సగం ఊడదీయాల్సి వచ్చింది. గాలి బోర్డుకి కొడుతుంటే, పందిరి తెరచాపలా ఉబ్బుతుంటే, ఆ రేసుబండి మొదటి గేరులో మూలుగుతూ వీధిలోకొచ్చింది. కాసేపటికి చినఅప్పన్న కాళ్ళు తిమ్మిరెక్కి తొట్టిలోంచి దిగి, నడుచుకుంటూ ముందెళ్ళి, వీధి చివర అరుగు మీద కూర్చుని బండి కోసం ఎదురుచూశాడు.

భానోజీకి ఏడుపొచ్చింది. చెయ్యి తిప్పుతున్న కొద్దీ ఇంజను లోపల్నుంచి అరుస్తుంది, బండి కదలదు. కాళ్ళు కట్టేసిన గుర్రం మీద కూర్చున్నట్టుంది. కానీ వెనక పొగ మాత్రం గుమ్మాల్లోంచి, మెట్ల కిందనుంచి, కాలవల్లోంచి నిదానంగా పాకింది. గోడల మీంచి దోమలు రాలాయి. నాలుగైదు రోజుల్లో ఊళ్ళో గోకుడు తగ్గింది. కొత్తగా జ్వరాలు పడ్డవాళ్ళు లేరు. ఈశ్వరమ్మ లేచి తిరిగింది, మొగుడికి చేపల పులుసు వండింది.

"ఇప్పుడు బాగుంది మావా, నీ బండి" అంది వడ్డిస్తూ.

భానోజీ పులుసన్నం తింటూ తలూపాడు. ఆమె లేచి తిరుగుతున్నందుకు సంతోషమే. ఆ సంతోషంలోంచే ఏదో తప్పిపోయినట్టుంది.

రాజధాని తెర మీద గెడ్డపురం చిట్టచివరికి జారిపోయింది. ఇంత దిగజారుడుకి కారణమేమిటని ఫోన్ల మీద ఫోన్లు. దోమలు చచ్చాయని డాక్టర్ సునీతి చెప్పబోతే, అవతలి అధికారి "దోమలు మా పరిధిలో లేవు మేడం, కిలోమీటర్ల సంగతి చెప్పండి" అన్నాడు. భానోజీకి మెమో వచ్చింది. అధికారికంగా సమకూర్చిన సౌకర్యములను ధిక్కరించి నత్తనడక నడచినందుకు నీపై చర్య ఏల తీసుకొనరాదు అని. ఉద్యోగం ఊడుతుందేమోనని ఈశ్వరమ్మ మళ్ళీ మంచం పట్టింది. ఈసారి జ్వరం లేకుండానే.

గవర్రాజుది గట్టి బుర్ర. కమిషనర్ గదిలో తలుపులేసుకుని ఇద్దరూ మాట్లాడుకున్నారు. బయటికొచ్చేసరికి స్థిర ప్రగతి విధానం అని ఒకటి తయారైంది.

దాని ప్రకారం బండికి తగిలించినవన్నీ పీకేశారు. పాత హ్యాండిలు, పాత తొడుగు మళ్ళీ బిగించి, చారలు గీకేశారు. తర్వాత బండిని ఆఫీసు ఆవరణలో స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రం గాల్లో తిరిగేట్టు ఎత్తారు. మీటరు తీగ ఆ చక్రానికి కలిపారు. ఇంజను స్టార్టు చేసి గేరులో ఉంచితే చక్రం తిరుగుతుంది, మీటరు తిరుగుతుంది, కిలోమీటర్లు పోగవుతాయి. పొగ మిషను చినఅప్పన్న భుజాన వేసుకుని నడిచి కొడతాడు. దోమలూ చస్తాయి, ర్యాంకూ దక్కుతుంది.

"మరి నాను?" అన్నాడు భానోజీ.

"నడుచుచున్న వాహనమును చోదకుడు విడిచి వెళ్ళరాదని నిబంధన. నువ్వు దాని మీదే ఉండాలి" అన్నాడు కమిషనర్. "మెమో వెనక్కి తీసుకున్నాం."

అలా భానోజీ రోజూ పొద్దుటే వచ్చి, టాంకు మీద బోర్లా పడుకుని, ఆఫీసు ప్రహరీగోడకేసి దూసుకెళ్ళేవాడు. గోడ మీద మరుగుదొడ్ల గురించిన పాత ప్రకటన ఉంది. దాన్ని అక్షరం అక్షరం బట్టీ పట్టేశాడు. జనన ధ్రువపత్రాల కోసం వచ్చినవాళ్ళు ఆయన చెవి దగ్గర అరిచి ఏ గదో అడిగేవాళ్ళు. ఆయన మూడో గేరులోంచి నాలుగో గేరుకి మారుస్తూ గడ్డంతో చూపించేవాడు.

"ఇవాళ ఎక్కడిదాకా ఎల్లావు మావా?" అనడిగింది ఈశ్వరమ్మ ఒక సాయంత్రం.

"గోడ దాకా" అన్నాడు.

మొగుడు బండి మీద మోజు పడ్డాడని తెలుసు గానీ, బండి లేని మనిషికంటే కదలని బండున్న మనిషికి దిగులెక్కువని ఆమెకి అప్పుడే తెలిసింది.

గెడ్డపురం మళ్ళీ మొదటి స్థానానికొచ్చింది. ప్రమాదాలు లేవు, ఫిర్యాదులు లేవు, టైర్లు అరగలేదు. ఈ విధానాన్ని పరిశీలించడానికి వేరే జిల్లాల నుంచి బృందాలొచ్చి, గోడకీ భానోజీకీ ఫొటోలు తీసుకున్నాయి.

ఆ రోజుల్లోనే ఓర్సోలా వచ్చింది. తన బండి చేరిన ఊరిని ఒకసారి చూడాలని, డెబ్బై దాటిన వయసులో, కర్ర పట్టుకుని. సిస్టర్ బెనడిక్టా దుబాసీగా వెంట ఉంది. కమిషనర్ పూలదండ వేసి ఆవరణలోకి తీసుకెళ్ళాడు.

ఆవిడ చాలాసేపు చూసింది. ఇంజను పాడుతోంది. చక్రం గాల్లో తిరుగుతోంది. భానోజీ గోడని చూస్తున్నాడు. ఆవిడ ఇటాలియన్‌లో ఏదో అడిగింది.

"బండి ఏం తప్పు చేసిందని కట్టేశారంటోందండి" అంది సిస్టర్.

"ఇది స్థిర ప్రగతి విధానమని చెప్పండి" అన్నాడు కమిషనర్.

సిస్టర్ చెప్పింది. ఓర్సోలా భానోజీ దగ్గరకెళ్ళి, ఆయన చేతుల్ని చూసింది, మొహం చూసింది. కర్ర సిస్టర్ చేతికిచ్చింది. బండి దిగమని భానోజీకి సైగ చేసింది.

కమిషనర్ అడ్డం వచ్చాడు. "క్షమించాలి. ప్రభుత్వ వాహనమును ఉద్యోగేతరులు, అందునా విదేశీయులు, అందునా వయోవృద్ధులు నడుపుటకు నిబంధనలు ఎంతమాత్రమూ అనుమతించవు."

సిస్టర్ ఆవిడ వైపు తిరిగి రెండే రెండు మాటలంది. ఓర్సోలా మొహం వెలిగిపోయింది. కమిషనర్ చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపి, చీలమండల దాకా ఉన్న గౌను మోకాళ్ళ పైకి ముడేసి, బండి ఎక్కింది. భానోజీ స్టాండు తీశాడు. సగం ఊడదీసిన గేటులోంచి ఎర్ర గీత వెళ్ళిపోయింది.

"ఏం చెప్పారండీ ఆవిడకి?" అన్నాడు కమిషనర్.

"మీరన్నదే చెబుదామనుకున్నానండి. ఇటాలియన్‌లో సరైన మాట దొరకలేదు" అంది సిస్టర్.

కమిషనర్ పచార్లు చేశాడు. విదేశీయురాలు కిందపడితే ఏ శాఖకి రాయాలో గవర్రాజుని అడిగాడు. సమాధానం దొరికేలోపు ఆవిడ తిరిగొచ్చేసింది. తెల్లజుట్టు వెనక్కి లేచిపోయి, బుగ్గలు కందిపోయి, ఇరవై ఏళ్ళ పిల్లలా ఉంది. దిగి, బండి పట్టుకునే నిలబడి, భానోజీకేసి వేలు చూపించి ఒక్క మాటంది. దాన్ని ఎవరూ అనువదించలేదు. అవసరం లేకపోయింది.

పొద్దు వాలుతోంది. భానోజీ ఊరు దాటి, జీడితోటలు దాటి, సముద్రం రోడ్డెక్కాడు. వెనక పొగ లేదు. పక్కన తొట్టి లేదు. ఎదురుగా గోడ లేదు. చెయ్యి ఇంకొంచెం తిప్పితే ఇంకొంచెం వెళ్తోంది బండి. ఎంత తిప్పినా ఇంకా ఉందంటోంది. భానోజీ నోరంతా తెరిచి నవ్వాడు. నవ్వుతూనే సరుగుడు తోపులు దాటాడు, ఉప్పుమళ్ళు దాటాడు, రొయ్యల చెరువుల గట్ల మీద మూగిన పురుగుల గుంపుల్లోంచి దూసుకుపోయాడు.

ఆయన తిరిగొచ్చేసరికి ఆవరణలో దీపాలు వెలిగించారు. ఇంటికి రాలేదేమని వెతుక్కుంటూ ఈశ్వరమ్మ కూడా వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది. భానోజీ దిగాడు. నుదుటి మీద, చొక్కా మీద, పళ్ళ మీద పురుగులు అతుక్కుని ఉన్నాయి. నవ్వు మాత్రం ఇంకా ఆగలేదు.

డాక్టర్ సునీతి దగ్గరకొచ్చి, కళ్ళజోడు సర్దుకుని, ఆయన చొక్కాని పరీక్షగా చూసింది. "వీటిలో చాలా దోమలున్నాయి" అంది. ఆగి, మళ్ళీ చూసి, "ఈ బండి తనంతట తాను చంపిన దోమలు ఇవే" అంది.

కమిషనర్ నడక ఆగిపోయింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. గ్రాంథికం రాబోతోందని మాకందరికీ తెలిసిపోయింది.

ఓర్సోలా విమానమెక్కేలోపే ప్రత్యక్ష తాకిడి దోమల నిర్మూలన పథకం మంజూరైంది. దాని ప్రకారం చోదకుడు ప్రతి సాయంత్రం జిగురు గల చొక్కా ధరించి, సముద్రం రోడ్డున, అరవైకి తగ్గని వేగంతో ప్రయాణించవలెను. కిలోమీటర్లు మీటర్లోనూ, దోమలు చొక్కా మీదా లెక్కకి వస్తాయి. చినఅప్పన్న ఎప్పట్లాగే ఊళ్ళో నడిచి పొగ కొడతాడు. దాని గురించి రాజధానికి ఎవరూ చెప్పరు, వాళ్ళూ అడగరు.

ఇప్పుడు సాయంత్రమైతే ఈశ్వరమ్మ మొగుణ్ణి అరుగు మీద నిలబెట్టి జిగురు కోసం చొక్కాకి ముందూ వెనకా ఆముదం పట్టిస్తుంది. చేతులకీ పట్టించమంటాడాయన, జారతాయని ఆమె పట్టించదు. తర్వాత ఆయన టాంకు మీద బోర్లా పడుకుంటాడు. ఆ ఉత్తర్వులో వేగం గురించి ఉంది, చొక్కా గురించి ఉంది, జిగురు చిక్కదనం గురించి కూడా ఉంది. తిరిగి ఎప్పుడు రావాలన్నది మాత్రం రాయలేదు. భానోజీ ఆ మాట ఎవరినీ అడగలేదు.